వారానికి ఒక్క మాత్రే ఎందుకు?

యాంకర్: ఖమ్మం నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మోకాళ్లు, నడుము నొప్పులని రక్తపరీక్ష చేయించుకుంటే విటమిన్ డి 11 వచ్చింది. వారానికొకటి వేసుకోమని 60,000 యూనిట్ల మాత్ర రాశారు. మూడు అయిపోయినా నొప్పి అలాగే ఉంది. రోజూ ఒకటి వేసుకుంటే తొందరగా తగ్గుతుందేమోనని...

డాక్టర్: వద్దమ్మా! ముందే అడిగారు, చాలా సంతోషం. మాత్రలోని డి నేరుగా పనిచేయదు. మొదట కాలేయం దాన్ని మారుస్తుంది. మీ రిపోర్టులో 11 అని చూపించింది ఆ రూపాన్నే. అది రక్తంలో వారాల తరబడి ఉంటుంది. దాన్ని పనికొచ్చే హార్మోనుగా మార్చేది కిడ్నీలు. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు కబురు పంపుతాయి, అప్పుడు కిడ్నీలు ఎక్కువ తయారుచేస్తాయి. మిగతా డి కొవ్వులో నిల్వ ఉంటుంది. అందుకే వారానికొకటి సరిపోతుంది.

శ్రోత: ఎక్కువైంది మూత్రంలో పోదాండీ?

డాక్టర్: సి విటమిన్ అయితే పోతుంది. ఇది కొవ్వులో కరిగేది, పేరుకుపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. వారానికని రాసిన మాత్రను రోజూ మింగి ఆస్పత్రిలో చేరినవాళ్లు ఉన్నారమ్మా.

శ్రోత: అమ్మో! పొద్దున్నే కిటికీ దగ్గర లేత ఎండలో కూడా కూర్చుంటున్నానండీ.

డాక్టర్: అద్దం మూసి ఉందా?

శ్రోత: అవునండీ, దోమలని.

డాక్టర్: అయితే డి తయారు కాదు. చర్మంలో దాన్ని పుట్టించే అతినీలలోహిత బి కిరణాలు అద్దం దాటవు. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు నేలదాకా సరిగా రావు కూడా. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్నప్పుడు చేతులు, కాళ్లకు ఎండ తగలనివ్వండి. వేసవిలో తొమ్మిదిన్నరకే నీడ అలా ఉంటుంది, ఖమ్మం ఎండలో మిట్టమధ్యాహ్నం దాకా ఆగొద్దు. ఎండవల్ల డి మోతాదు మించదు, ఎక్కువైన దాన్ని చర్మమే విరగ్గొట్టేస్తుంది.

శ్రోత: మాత్ర పరగడుపున వేసుకోవచ్చా?

డాక్టర్: భోజనం చేశాక వేసుకోండి. నెయ్యో నూనో ఉంటే బాగా ఒంటికి పడుతుంది. పాలు, పెరుగు, రాగులు కూడా తినండి. డి బాగా తక్కువగా ఉంటే తిన్న కాల్షియంలో 10–15 శాతమే పేగులు పీల్చుకుంటాయి, సరిపడా ఉంటే 30–40 శాతం దాకా. ఎముకలు కోలుకోవడానికి నెలలు పడుతుంది. కిడ్నీలో రాళ్లు ఎప్పుడైనా వచ్చాయా?

శ్రోత: లేదండీ.

డాక్టర్: మంచిది. కోర్సు అయ్యాక మాత్ర రాసిన డాక్టర్‌నే కలిసి, మళ్లీ పరీక్ష ఎప్పుడో అడగండి. మోకాలు వాస్తే మాత్రం ఆలోపే చూపించుకోండి, ప్రతి మోకాలి నొప్పికీ డి లోపమే కారణం కాదు.