గాలాపగోస్ కయాక్ ట్రిప్ రివ్యూ: అంతా బాగుంది, వెనకాల ఆ మోటారు లేకపోతే

నమస్తే అండి. ముందు డబ్బుల సంగతి చెప్పేస్తాను. ఈ ట్రిప్‌లో నా వరకు గైడ్, కయాక్ (తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి చిన్న పడవ), బస టూర్ కంపెనీ ఫ్రీగా ఇచ్చింది. విమానం టికెట్లు, పార్కు ఫీజు నావి. నాతో మా వదిన వచ్చింది. ఆవిడ మొత్తం తన డబ్బే పెట్టుకుంది. కాబట్టి ఈ రివ్యూలో ఆవిడ తిట్లు కూడా ఉంటాయి, అవి మాత్రం స్పాన్సర్డ్ కాదు.

ఏ రోజు ఏ దీవి, ఏ హోటలు, కయాక్ పొడవెంత, ఇవన్నీ వాళ్ల సైట్‌లో ఉన్నాయి. మీరు చూసే ఉంటారు. నేను ఇవాళ ఎక్కువగా మాట్లాడబోయేది శబ్దం గురించి.

పులికాట్‌లో ఇంజన్ పడవెక్కి ఫ్లెమింగోలు చూడ్డానికి వెళ్లినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. మా వదినది సూళ్లూరుపేట, చిన్నప్పటి నుంచీ చూస్తోంది. పడవ దగ్గరికి చేరేలోపే గుంపు గుంపంతా లేచిపోతుంది. ఫోన్‌లో మిగిలేవి గులాబీ చుక్కలు. అందుకే నాకు కయాక్ పిచ్చి పట్టింది. ఇంజన్ ఉండదు, నీళ్లకు జానెడు ఎత్తులో కూర్చుంటాం. రెండేళ్ల కింద ఈ ఛానల్‌లో గాలి కొట్టుకునే కయాక్ ఒకటి రివ్యూ చేశాను, ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో. దాని వాల్వ్ కారిపోయి నేను వంకరగా ఒడ్డుకు చేరిన వీడియో ఇప్పటికీ మీరు షేర్ చేస్తూనే ఉన్నారు, థాంక్యూ. అయినా ఆ బోటు మీద నాకు కోపం లేదు. అందులో కూర్చుంటే పక్కన కొంగ తన పని తాను చేసుకునేది.

ఇక అసలు ట్రిప్. ఈక్వడార్ తీరం నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పసిఫిక్‌లోకి వెళ్తే ఈ దీవులు. అన్నీ అగ్నిపర్వతాలు కక్కిన లావాతో ఏర్పడినవే. మేం ఎక్కువ రోజులు ఉన్న ఇసబెలా దీవి ఆరు అగ్నిపర్వతాలు కలిసిపోయి తయారైంది. వాటిలో సియెర్రా నెగ్రా 2018లో, వోల్ఫ్ 2022లో లావా కక్కాయి. పక్క దీవి ఫెర్నాండినా 2024 మార్చిలో. అంటే మీరు తెడ్డు వేస్తూ పోయే నల్లరాతి గోడలు ఇంకా కొత్తవి, మొనలు అరగలేదు. చేత్తో పట్టుకుంటే చర్మం గీరుకుపోతుంది. అందుకే వాళ్లు మందపాటి ప్లాస్టిక్ బోట్లు ఇచ్చారు. ఫైబర్ బోట్లు ఇవ్వలేదని నేను ముందు కాస్త మొహం ముడుచుకున్నాను కానీ, ఆ రాళ్లు చూశాక నోరు మూసుకున్నాను.

మొదటి ఉదయం ఇసబెలాలోని ప్యూర్టో విల్లమిల్ రేవు నుంచి ఎదురుగా ఉన్న టింటొరేరాస్ అనే చిన్న లావా దీవుల వైపు బయల్దేరాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. రాళ్ల మీద సముద్రపు ఇగువానాలు గుట్టలుగా పడుకున్నాయి. సముద్రంలోకి దిగి నాచు తినే బల్లి జాతి ప్రపంచంలో ఇదొక్కటే. నాచుతో పాటు ఒంట్లోకి పోయిన ఉప్పును ఇవి ముక్కులోంచి చీదేస్తాయి. ఆ చీదే చప్పుడు వినాలని నేను చెన్నై నుంచి మైకు, దానికి గాలి తగలకుండా బొచ్చు కవరు, అన్నీ మోసుకుపోయాను.

వినండి ఏం రికార్డయిందో. డుగుడుగుడుగుడుగు. వినిపించిందా? అది మా వెనకాల వచ్చిన సపోర్ట్ బోటు. షేర్ ఆటో మన వెనకాలే హారన్ కొట్టకుండా వస్తున్నట్టు, ఆ దీవులు చుట్టి వచ్చేదాకా వదల్లేదు. పైగా గాలి మా వైపే, పొగంతా మాకే. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఏం రాశారు? "నిశ్శబ్దంగా ప్రకృతిలోకి". వదిన వెనక్కి తిరిగి, "ఏమ్మా, ఇన్ని వేల మైళ్లు వచ్చింది పులికాట్ పడవ శబ్దం వినడానికా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

సపోర్ట్ బోటు వద్దని నేను అనట్లేదు, అపార్థం చేసుకోకండి. దీవుల మధ్య ప్రవాహాలు గట్టివి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, ఎవరికైనా చేతులు పడిపోతే లాక్కెళ్లడానికి ఒక బోటు ఉండాల్సిందే. కానీ అది దూరంగా లంగరు వేసుకుని, చేతిలో వాకీటాకీతో ఉండొచ్చు కదా? మా గైడ్‌ని అడిగాను. పాపం ఆయనకీ అదే విసుగు. డ్రైవరు తర్వాత ఇంకో గ్రూపును ఎక్కించుకోవాలట, అందుకని మమ్మల్ని తొందరపెట్టడానికి దగ్గరగా వస్తున్నాడట. ఇది భద్రత కాదు, షెడ్యూలు.

మర్నాడు గైడ్ డ్రైవర్‌తో గట్టిగా మాట్లాడాడు. బోటు రేవు మలుపు దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు ఈ క్లిప్ వినండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.

ఆ తుప్పుమన్నది ఇగువానా. గాడిద ఓండ్ర పెట్టినట్టు వినిపించేది పెంగ్విన్. అవును, భూమధ్యరేఖ మీద పెంగ్విన్. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ చల్లని ప్రవాహం, పడమటి నుంచి అడుగున వచ్చి దీవులకు తగిలి పైకి లేచే క్రామ్‌వెల్ ప్రవాహం, ఈ రెండూ లేకపోతే ఇక్కడ పెంగ్విన్లు బతకవు. మేం ఆగస్టులో వెళ్లాం. పొద్దునంతా మబ్బు, సన్నటి తుంపర. చెన్నై వాళ్లకు అది డిసెంబర్ కంటే చలి. వెట్‌సూట్ అద్దెకు తీసుకోండి, బద్ధకించకండి.

ఆ తర్వాత "ఫుస్స్" అని ఒక నిట్టూర్పు వినిపిస్తుంది చూడండి. తాబేలు. నా తెడ్డుకు పక్కనే తల పైకెత్తి ఊపిరి వదిలి మళ్లీ దిగిపోయింది. మా తిరువాన్మియూర్‌కి దగ్గర్లోనే, నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా రాత్రిళ్లు తాబేళ్ల గుడ్లు కాపాడే వాలంటీర్లతో నేను నడిచేదాన్ని. 2025 జనవరిలో ఇదే చెన్నై తీరానికి చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వందల్లో కొట్టుకొచ్చాయి. వలల్లో చిక్కుకుని ఊపిరాడక పోయినవి చాలా. ఆ దుర్వాసన గుర్తున్నవాళ్లకు ఈ ఒక్క ఊపిరి శబ్దం ఎందుకంత ముఖ్యమో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ క్లిప్‌లో మ్యూజిక్ వేయలేదు, వేయను.

ఇక్కడి జంతువులు మనల్ని చూసి పారిపోవు. పెద్ద వేటాడే జంతువులు లేనిచోట పెరిగాయి మరి. ఒకప్పుడు తిమింగలాల వేట ఓడలవాళ్లు దాన్నే అలుసుగా తీసుకుని పెద్ద తాబేళ్లను వేలల్లో ఓడెక్కించుకుపోయారు, దార్లో మాంసానికి. 1959లో నేషనల్ పార్క్ అయింది. ఇప్పుడు రూలు ఏంటంటే, ఏ జంతువుకైనా రెండు మీటర్ల దూరంలో ఉండాలి, ఫ్లాష్ వేయకూడదు. సీ లయన్ అని సీల్ లాంటి సముద్ర జంతువు ఉంది, దానికి ఆ రూలు తెలియదు. ఒక పిల్ల సీ లయన్ మా బోటు ముందు భాగం మీదికి ఎక్కబోయింది. గైడ్ అరిచాడు: కదలకండి, ముట్టుకోకండి! వదిన కదల్లేదు, ఊపిరి కూడా పీల్చలేదు.

బోటు గురించి ఒక్క మాట. రెండు సీట్లది ఇచ్చారు. వెనక సీటు వాళ్ల కాళ్ల దగ్గర పెడల్స్, వాటికి తాళ్లతో చుక్కాని. ఎడమ కాలు నొక్కితే ఎడమకు తిరుగుతుంది, హాయిగా ఉంది. ముందు సీటు వాళ్లు ఏ వేగంతో తెడ్డు వేస్తే వెనకవాళ్లు అదే వేగంతో వేయాలి, లేకపోతే తెడ్లు ఒకదానికొకటి తగులుతాయి. మా వదిన వేగం ఏంటంటే, నాలుగు సార్లు వేసి ఫోన్ తీయడం. ఒంటి సీటుది అడిగితే లేదన్నారు. భార్యాభర్తలు ఆలోచించి ఎక్కండి. శాంతా క్రూజ్ అనే ఇంకో దీవి నుంచి ఇసబెలాకి స్పీడ్ బోటు రెండు గంటలు, దాని గురించి నేను చెప్పను, మాత్ర వేసుకోండి.

ఖర్చుకి వస్తే, పార్కు ఫీజు 2024 ఆగస్టు నుంచి విదేశీయులకు 200 డాలర్లు, దీవులకు వెళ్లడానికి తీసుకోవాల్సిన ట్రాన్సిట్ కార్డు 20. నోట్లు చేతిలో ఉంచుకోండి. బ్యాగులు తనిఖీ చేస్తారు, పళ్లు, విత్తనాలు పట్టుకెళ్లకండి. అమ్మ పెట్టిన మామిడి తాండ్రను ఆఫీసర్ తిప్పి తిప్పి చూశాడు.

నా తీర్పు? నేను పూర్తి డబ్బు పెట్టుకుని మళ్లీ వెళ్తాను. ఇదే కంపెనీతోనా అంటే, ఒక షరతు మీద. సపోర్ట్ బోటు ఎంత దూరంలో ఉంటుంది, ఇంజన్ ఎప్పుడు ఆపుతారు, మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు. రాసివ్వనంటే వేరేవాళ్లని చూసుకోండి. ఈ వీడియో చూశాక వాళ్లు నాకు ఇంకో ట్రిప్ ఇవ్వకపోవచ్చు, పర్లేదు. చివరి రోజు శాంతా క్రూజ్‌లోని టోర్టుగా బే కయాకింగ్ ప్యాకేజీలో కలపమంటారు, అది వదిలేయండి, అక్కడి ప్రశాంతమైన బీచ్‌లో బోట్లు విడిగా అద్దెకే దొరుకుతాయి. వదినని మార్కులేయమంటే మొదటి రోజుకు సున్నా, రెండో రోజుకు పదికి పది వేసింది. సగటు తీయొద్దంది.