ఆఖరిదనుకున్న ఉత్తరం

అందరికీ నమస్కారం.

చిత్రకారుడు వడ్డాది పాపయ్యగారు పుట్టిన శ్రీకాకుళంలో ఇంకో చిత్రకారుడి ఉత్తరాల గురించి మాట్లాడే అవకాశం రావడం నాకు చాలా సంతోషం. ఆ చిత్రకారుడు పాల్ సెజాన్. ఆ ఉత్తరాలు అందుకున్నది నవలాకారుడు ఎమిల్ జోలా. ఫ్రాన్సు దక్షిణాన ఎక్స్ అనే ఊళ్లో ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. 1858లో జోలా పారిస్ వెళ్లిపోయాడు. ఉత్తరాలు మొదలయ్యాయి.

మనకు దొరికినవాటిలో మొదటిది ఆ ఏడాది ఏప్రిల్ 9 నాటిది. సెజాన్‌కి అప్పుడు పందొమ్మిదేళ్లు. ఆర్క్ నది గట్టున మనకి నీడనిచ్చిన పైన్ చెట్టు గుర్తుందా అని అడుగుతాడు. దాని మీద గొడ్డలి వేటు పడకుండా దేవుళ్లే కాపాడాలంటాడు. నాగావళిలో ఈతలు కొట్టి పెరిగినవాళ్లకి ఆ బెంగ ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మరుసటేడు జూన్‌లో రాసిన ఉత్తరంలో, నీళ్లలో స్నానం చేస్తున్న కుర్రాళ్ల బొమ్మ గీసి పంపాడు. 1906లో పోయేదాకా ఆయన స్నానాల చిత్రాలు వేస్తూనే ఉన్నాడు. ఆ పెద్ద కాన్వాసులకి మొదలు స్నేహితుడికి రాసిన ఆ కాగితమేనని నా నమ్మకం.

నన్ను ఎక్కువ కదిలించేవి 1878 నాటి ఉత్తరాలు. సెజాన్‌కి ఓర్తాన్స్ అనే ఆమెతో పెళ్లి కాకుండానే సంసారం, ఒక కొడుకు. బ్యాంకు నడిపిన తండ్రికి ఆ సంగతి చెప్పలేదు. సెజాన్‌కి వచ్చిన ఉత్తరం విప్పి చదివి తండ్రి పట్టేశాడు. డబ్బు కట్టడి మొదలైంది. ఓర్తాన్స్‌కి అరవై ఫ్రాంకులు పంపవా అని సెజాన్ జోలాకి రాశాడు. మళ్లీ మళ్లీ రాయాల్సొచ్చింది. జోలా ఆదుకున్నాడు. ఇలాంటి మాట ఎవరికి పడితే వాళ్లకి రాయగలమా?

1886లో జోలా ఒక నవల రాశాడు. అందులో చిత్రకారుడు పూర్తికాని బొమ్మ ముందు ఉరేసుకుంటాడు. ఏప్రిల్ 4న సెజాన్ జవాబిచ్చాడు: పుస్తకం అందింది, పాత రోజులు తలుచుకుంటూ చేయి కలపనివ్వు అని. ఆ తర్వాతి ఉత్తరం చాలాకాలం దొరకలేదు. దాంతో ఆ పాత్రలో తననే చూసుకుని ఆయన నొచ్చుకున్నాడనీ, అందుకే జవాబు ముభావంగా ఉందనీ, స్నేహం ఆ రోజుతో సరనీ చాలామంది తేల్చేశారు.

మన కాలంలో ఇంకో ఉత్తరం బయటపడింది. తేదీ 1887 నవంబరు 28. జోలా పంపిన మరో నవల అందిందంటూ దాదాపు అవే మాటలతో మొదలవుతుంది. నువ్వు తిరిగొచ్చాక వచ్చి చేయి కలుపుతానని ఉంది. అంటే ముభావం అనుకున్నది ఆయన మర్యాద! తర్వాత దూరం పెరగలేదని నేననను. కానీ ఆ నవలతోనే అంతా తెగిపోయిందనడానికి ఇక వీల్లేదు.

కథల కోసం కారా మాస్టారు 1997లో ఈ ఊళ్లోనే కథానిలయం పెట్టారు. ఉత్తరాలకి మాత్రం ఇంట్లోవాళ్లే దిక్కు. మీ ఇళ్లలో చిత్రకారులవో రచయితలవో ఉత్తరాలుంటే కవర్లు పారేయకండి. లోపల తేదీ లేకపోయినా పోస్టు ముద్ర చెబుతుంది. ఇన్‌లాండ్ లెటర్ల మడతల మీద, అంచుల్లో రాసినవి కూడా ఫొటో తీయండి. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ చేతిరాతలు గుర్తుపట్టే పెద్దవాళ్లు ఉండగానే, ఎవరు ఎవరికి రాశారో అడిగి వేరే కాగితం మీద రాసిపెట్టండి.