గూడు ఫొటో గొడవ: గడ్డినేలల్లో కెమెరాకు తాళం వేయాలా?

(చర్చా కార్యక్రమం. ఒకరి మాట మీద ఒకరి మాట పడి వినపడని చోట చుక్కలు పెట్టాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. కొన్ని రోజులుగా ఎవరి ఫోన్ తెరిచినా ఒకటే ఫొటో. రాళ్ల నేల మీద రెండు గుడ్లు, పక్కన నోరు తెరుచుకుని ఇండియన్ కోర్సర్, గడ్డినేలల్లో నేల మీదే గుడ్లు పెట్టే పిట్ట. అద్భుతం అన్నవాళ్లున్నారు, నేరం అన్నవాళ్లున్నారు. నా ప్రశ్న సూటిగా ఒక్కటే. పిట్టలు గుడ్లు పెట్టే కాలంలో కెమెరాను నిషేధించాలా, వద్దా? మేడమ్, మీరు చెప్పండి.

పరిశోధకురాలు: ముందు ఆ ఫొటో తెర మీద పెద్దది చేసి వేయండి. గూటికి ఎడమపక్క గడ్డి చూడండి. పశువు మేసిన గడ్డయితే ఒక్కో పోచ ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఇక్కడ అన్నీ ఒకే ఎత్తున, అడ్డంగా తెగి ఉన్నాయి. కత్తెర పడింది. ఇక పిట్ట నీడ చూడండి, కాళ్ల కిందే ఉంది. అంటే మిట్టమధ్యాహ్నం. నోరు తెరిచింది పాటకు కాదు, వేడికి రొప్పుతోంది. గుడ్లకు నీడ పట్టాల్సిన పిట్ట పక్కకు జరిగింది, గుడ్లు ఎండలో మాడుతున్నాయి.

ఫొటోగ్రాఫర్: ఒక్క నిమిషం మేడమ్...

పరిశోధకురాలు: పూర్తి చేయనివ్వండి. గడ్డి కోస్తే లెన్సుకు అడ్డు పోయింది. కాకికీ, ఉడుముకీ కూడా అడ్డు పోయింది.

ఫొటోగ్రాఫర్: గడ్డి కోసినవాణ్ని నేను వెనకేసుకు రావట్లేదండీ. కేసు పెట్టండి. కానీ ఒకడు కత్తెర పట్టాడని అందరి కెమెరాలూ మూయిస్తారా? పని తెలిసినవాడు ఏం చేస్తాడో చెబుతా. ఆగినప్పుడల్లా బండి ఇంజిన్ ఆపేస్తాడు, కిందికి దిగడు. కిటికీ అంచున బీన్ బ్యాగ్, అంటే లెన్సు కదలకుండా ఆన్చుకునే సంచి, దాని మీద దూరం నుంచి తీసే 600 ఎంఎం లెన్సు. పిట్ట మెడ నిక్కించిందా, అక్కడే ఆగుతాడు. మళ్లీ తల దించి మేతలో పడితేనే బండిని ఇంకో నాలుగు అడుగులు జరుపుతాడు. అసలు గూటి దగ్గరికే పోడు.

వ్యాఖ్యాత: అంటే నిషేధం అక్కర్లేదంటారు?

ఫొటోగ్రాఫర్: అక్కర్లేదు! ఇంకో సంగతి. ఎండెక్కాక నేల వేడికి గాలి అలలు కడుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఈకలు పిండి చల్లినట్టు వస్తాయి. ఫోకస్ తప్పిందనుకుని కొత్తవాళ్లు ఇంకా దగ్గరికి పోతారు. జబ్బు అక్కడుంది. తెల్లవారగానే తీసి, ఎండ ముదిరేసరికి బయటపడమని నేర్పితే సగం గొడవ పోతుంది. ఎగిరే పిట్టకైతే షట్టర్ రెండువేలో వంతు...

విశ్రాంత అటవీ అధికారి: షట్టర్ సంగతి తర్వాత చూద్దాం సార్. చట్టం ఏమంటుందో ఎవరూ మాట్లాడట్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ నిర్వచనంలోనే వన్యపక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం ఉంది. తుపాకీ అక్కర్లేదు, కత్తెర చాలు. అభయారణ్యంలో ఫొటోలకు సెక్షన్ 28 కింద అనుమతి తీసుకోవాలి. కొత్త నిషేధం దేనికి?

వ్యాఖ్యాత: కానీ ప్రజలు నిషేధం గురించే అడుగుతున్నారు కదా సార్...

అధికారి: నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డినేల 1988లో అభయారణ్యం అయింది. మొత్తం 614 హెక్టార్లు. పిట్టకు హద్దురాయి తెలుసా? గుడ్లు బయటి పొలాల్లోనూ పెడుతుంది. అక్కడ సెక్షన్ 28 ఉండదు.

ఫొటోగ్రాఫర్: అదే కదా నేను మొదట్నుంచీ చెప్పేది! ఆ అభయారణ్యం పెట్టింది బట్టమేక పిట్ట కోసం, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. దాన్ని కెమెరా చంపిందా? కరెంటు తీగలు చంపుతున్నాయి. దాని చూపు పక్కలకే ఎక్కువ, ఎదుటి తీగ కనపడదు. కనపడినా అంత బరువున్న పిట్ట చటుక్కున తిరగలేదు. 2021లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలు భూమిలో వేయమంది. 2024లో ఆ ఉత్తర్వు సడలించింది. దాని మీద చర్చ పెట్టరేం? పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జాతీయ పక్షిగా ఉండాలన్నది ఈ పిట్టనే. 1963లో నెమలికి ఇచ్చారు...

వ్యాఖ్యాత: ఆసక్తికరమే కానీ, నిషేధం...

రైతు సంఘం ప్రతినిధి: నాకో మాట ఇయ్యండి సార్. ఆ బట్టమేక పిట్ట కోసమని రోళ్లపాడులో కంచె ఏసినారు. పిట్ట కానరాకుండా పాయె, కృష్ణజింకలు మందలు మందలుగా పెరిగె. శనగ మొలకెత్తినాంక రాత్రికి రాత్రి దిగుతాయి. రైతుకు కడుపు మండితే పిట్ట గుడ్డును ఎవరు కాపాడతారు? పరిహారం...

ఫొటోగ్రాఫర్: అన్న చెప్పింది నిజం, దానికి మూలం సర్కారు తుమ్మ! గడ్డినేల నిండా అదే. గడ్డి చచ్చాక జింక పొలంలోకి రాక ఎక్కడికి పోతుంది? మొత్తం జేసీబీ పెట్టి పీకించేయాలి.

పరిశోధకురాలు: జేసీబీయా? గడ్డి దుబ్బులు తలకిందులవుతాయి. మట్టి తిరగబడిన చోట మళ్లీ తుమ్మే మొలుస్తుంది. నేల పైకి నరికితే మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. అందుకని వాన పడి నేల మెత్తబడ్డాక మొదలు చుట్టూ గడ్డపారతో అడుగు లోతు తవ్వి, వేరుమొదలు కింద కోయాలి. కాయ పండకముందే చేయాలి. పండితే మేకలు తిని పెంటికల్లో ఊరంతా చల్లుతాయి. ఆ తర్వాత కూడా ఏటా మొలకలు పీకుతూనే ఉండాలి. ఒక్క ఏడాది నిధులిచ్చి ఆపేస్తే పాత చోటికే వస్తాం.

అధికారి: నిధులు ఎలా వస్తాయమ్మా? కాగితాల్లో అది బంజరు. 2000లో వచ్చిన బంజరు భూముల అట్లాసులో గడ్డినేలలు ఎన్నో చేరాయి. బంజరంటే మొక్కలు నాటడానికి నిధులొస్తాయి, గడ్డి కాపాడటానికి రావు.

పరిశోధకురాలు: చెట్లు నాటడమే ఇక్కడ నష్టం. చెట్టెక్కి కూర్చునే గద్దకు కింద గుడ్లు కనపడతాయి. మేతనూ పూర్తిగా ఆపకూడదు. గడ్డి మరీ గుబురైతే కోర్సర్ అక్కడ నిలవదు, దానికి నేల కనపడాలి. వంతులవారీగా మేపుకోనిస్తే...

రైతు ప్రతినిధి: ఆ వంతుల మాటే సార్ మేమూ అడిగేది. మా గొర్రెల్ని...

ఫొటోగ్రాఫర్: మేత సంగతి సరే, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫొటో లేకపోతే ఈ నేల గురించి ఈ స్టూడియోలో మాట్లాడుకునేవాళ్లమా? బంజరు కాదని జనానికి చూపించింది ఎవరు?

పరిశోధకురాలు: చూపించండి, చోటు చెప్పకండి. ఫోన్ ఫొటోలో జీపీఎస్ గుర్తు దాక్కుని ఉంటుంది. పెట్టేముందు తీసేయండి. వెనక కనపడే టవర్, గుట్ట చూసి కూడా చోటు పట్టేస్తారు. గుడ్లు పొదిగి పిల్లలు గూడు వదిలాకే ఫొటో పెట్టండి. ఈ ఫొటో మాత్రం...

ఫొటోగ్రాఫర్: జీపీఎస్ తీయడానికి అర నిమిషం చాలు! దీనికోసం నిషేధమా?

(అందరూ ఒకేసారి...)

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మొత్తానికి నిషేధం అక్కర్లేదు, అవగాహన చాలు అని ఈ చర్చలో...

పరిశోధకురాలు: నేనలా అనలేదండీ. పొదిగే కాలంలో గూటి దగ్గరికి...

రైతు ప్రతినిధి: సార్, జింకల పరిహారం...

వ్యాఖ్యాత: అది మరోసారి తప్పకుండా. నమస్కారం.