యమహా ఏజీ03 రివ్యూ: ఒక్కరే పాడి లైవ్ ఇచ్చేటోళ్లకు పనికొస్తదా?

నమస్తే అందరికీ. ఇగో, టేబుల్ మీదున్నది యమహా ఏజీ03 మిక్సర్, అంటే మైక్ సౌండ్‌ను సరిజేసి లాప్‌టాప్‌కు పంపే మెషీన్. హన్మకొండల గాని, పరకాల దిక్కు గాని, ఇంట్ల కూసొనే యూట్యూబ్‌ల లైవ్ పాడదామనుకునేటోళ్ల కోసం ఈ వీడియో.

ముందే చెప్త, దీంట్ల మైక్ ఇన్‌పుట్ ఒక్కటే. రెండో చానల్‌ల కీబోర్డ్ గాని, స్విచ్ నొక్కి గిటార్ గాని పెట్టుకోవచ్చు. ఒగ్గుకథ బృందం లెక్క గొంతుకొక మైక్, డోలుకొక మైక్ కావాలంటే ఇది కొనకుండ్రి. ఏజీ06ల రెండు మైకులు పడతయ్.

పైసలు పెట్టేది దేనికంటే, ఇగో ఈ చిన్న స్విచ్‌కు. ‘టు పీసీ’ అని రాసుంటది, మూడు స్థానాలు. ‘డ్రై’ల పెడితే ఎఫెక్ట్ లేని గొంతు పోతది. ‘ఇన్‌పుట్ మిక్స్’ల రివర్బ్ (గొంతు మారుమోగే ఎఫెక్ట్)తో సహా పోతది. ‘లూప్‌బ్యాక్’ల పెడితే లాప్‌టాప్‌ల మోగే ట్రాక్, మీ గొంతు రెండూ కలిసి లైవ్‌కు పోతయ్. ట్రాక్ మీద పాడేటోళ్లకు మస్తు సులువు.

కానీ తొంభై పాళ్లు గడబిడ ఈడనే అయితది. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌ల, లాప్‌టాప్ సౌండ్‌ను తీసుకునే ‘డెస్క్‌టాప్ ఆడియో’ కూడా ఆన్‌ల ఉంటే ట్రాక్ రెండు దార్ల పోయి, డబ్బాల నుంచి వచ్చినట్టు వినబడతది. లూప్‌బ్యాక్ వాడితే డెస్క్‌టాప్ ఆడియోను మ్యూట్ చేయండ్రి. మీ లైవ్‌ను అదే లాప్‌టాప్‌ల సౌండ్‌తో తెరిచి చూడకుండ్రి, ఆ సౌండ్ తిరిగి లైవ్‌లకే పోతది. ఫోన్‌ల చూడుండ్రి, ఇయర్‌ఫోన్ పెట్టుకొని.

ఇగ గెయిన్, అంటే మైక్ సౌండ్‌ను ఎంత పెంచాల్నో చెప్పే బిరడ. పాటల అన్నిటికన్న గట్టి చరణం పాడుకుంటనే తిప్పండ్రి. ఎర్ర లైట్ వెలిగితే తగ్గించుడే. అప్పటికీ వెలుగుతుంటే మైక్ సౌండ్‌ను ఇంకా తగ్గించే ‘ప్యాడ్’ స్విచ్ నొక్కండ్రి. ఓబీఎస్ మీటర్‌ల గట్టి చోట్ల మైనస్ 12 డెసిబెల్స్‌కు, మైనస్ 6కు నడుమ ఉండాలె. మిక్సర్‌ల పగిలిన సౌండ్‌ను ఓబీఎస్‌ల తగ్గిస్తే చిన్నగ పగిలినట్టు వినబడతది, అంతే.

వెబ్‌క్యామ్ బొమ్మ సౌండ్ కన్న ఆలస్యంగ వస్తది. ఒక చప్పట్ రికార్డ్ చేసి, ఎన్ని ఫ్రేములు తేడా ఉందో లెక్కపెట్టండ్రి. 30 ఫ్రేముల వీడియోల ఒక్కో ఫ్రేమ్ 33 మిల్లీసెకండ్లు. మూడు ఫ్రేములుంటే ఓబీఎస్‌ల మిక్సర్ సౌండ్‌ను ఆలస్యం చేసే ‘సింక్ ఆఫ్‌సెట్’ల 100 మిల్లీసెకండ్లు పెట్టాలె.

ఇగ నెట్. 720పీ చాలు. ఓబీఎస్‌ల బిట్‌రేట్ (సెకండ్‌కు పోయే డేటా) 2500 కేబీపీఎస్, సీబీఆర్ (ఎప్పుడూ ఒకే రేటు), కీఫ్రేమ్ (నిండు బొమ్మ పంపే గడువు) 2 సెకండ్లు పెట్టండ్రి. అప్‌లోడ్ స్పీడ్ కనీసం 5 ఎంబీపీఎస్ ఉండాలె. డౌన్‌లోడ్ 100 ఉన్నా లైవ్‌కు లాభం లేదు. ఫోన్ డేటా అయితే గంటకు దగ్గర దగ్గర 1.2 జీబీ పోతది, రోజువారీ ప్యాక్ ఎంతుందో చూసుకోండ్రి. కొత్త చానల్‌కు లైవ్ ఆన్ కావడానికి 24 గంటల దాంక పట్టొచ్చు, ముందురోజే ఆన్ చేసుకోండ్రి.

వానకాలం కరెంట్ పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తది, రూటర్ ఆగుతది. రూటర్‌ను ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండ్రి. యూట్యూబ్ స్టూడియోల ‘ఆటో స్టాప్’ తీసేయండ్రి. అప్పుడు సిగ్నల్ తెగినా లైవ్ మూసుకపోదు, మళ్ల కలిపితే అదే లింక్‌ల నడుస్తది. కాకపోతే పాట అయిపోయినంక ‘ఎండ్ స్ట్రీమ్’ మీరే నొక్కాలె.