పంటు ఆ రోజు సమయానికి బయలుదేరింది: ఒక గే సీరియల్ మీద కోనసీమ స్టూడియో చర్చ

అమలాపురంలో ఒక కేబుల్ ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. వారం వారం ఫోన్లలో చదువుతున్న ఒక తెలుగు గే సీరియల్ గురించి. నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య జనాన్ని, బండ్లను గోదావరి దాటించే పంటును నడిపే సరంగు, రోజూ ఆ పంటు మీద బ్యాంకుకు వెళ్లివచ్చే క్యాషియరు అందులో ప్రేమికులు. గత ఆదివారం వచ్చిన 41వ భాగంలో క్యాషియరు పెళ్లికి ఒప్పుకుంటాడు. పెళ్లిబృందం సరంగు నడిపే పంటు మీదే గోదావరి పాయ వశిష్ఠను దాటుతుంది. ఆ భాగాన్ని ఒక గ్రంథాలయం హాలులో అందరూ కలిసి చదువుకోవాలని పాఠకులు అనుకున్నారు. కొందరు పెద్దలు అడ్డుచెప్పడంతో ఆ సభ ఆగిపోయింది. గొడవ అక్కడ మొదలైంది. మాటలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను. వాళ్లు కోరినందువల్ల పేర్లు తీసేశాను.

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారమంతా రేవుల్లో, టీ దుకాణాల్లో ఒకటే మాట. సరంగుకు అన్యాయం జరిగిందా? రచయిత కథను మార్చాలా, వద్దా? ముందుగా లాయరు గారు. సూటిగా చెప్పండి, మార్చాలా?

న్యాయవాది: మార్చాలి. రెండో మాట లేదు. ముప్పై ఏళ్లుగా కోర్టులో ఉన్నాను. గట్టు మీద కొబ్బరిచెట్టు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం చూశాను. కన్ను తడవలేదు. 41వ భాగం చదివి రాత్రి రెండింటి దాకా అరుగు మీదే కూర్చుండిపోయాను. ఎవరు పోయారండీ అని మా ఆవిడ అడిగింది. ఏం చెప్పను? ఆ సరంగు క్యాషియరు కోసం రోజూ సాయంత్రం పంటును రెండు నిమిషాలు ఆపాడు. ప్రయాణికులు తిట్టినా ఆపాడు. రేవు పాటదారు జీతం కోస్తానన్నా ఆపాడు. ఇంజను వేడెక్కలేదని అబద్ధమాడాడు. ఆ రెండు నిమిషాలే వాళ్ల కాపురం. అలాంటిది పెళ్లిరోజున...

మాస్టారు: పంటు సమయానికి బయలుదేరింది.

న్యాయవాది: నన్ను చెప్పనివ్వండి మాస్టారూ. సమయానికి బయలుదేరింది! ఆ ఒక్క వాక్యంతో ఆ మనిషిని చంపేశాడు రచయిత.

మాస్టారు: ఆ వాక్యం అంత బాగుంది కాబట్టే మీరు అరుగు మీద కూర్చున్నారు. దాన్నే కొట్టేయమంటున్నారు. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, చెబుతున్నాను. సరంగు ఏడవలేదు, అరవలేదు. గడియారం చూసి గంట కొట్టాడు. అంతే. అంతకన్నా...

వ్యాఖ్యాత: అంటే మీరు మార్చవద్దంటారు. లెక్క ఒకటీ ఒకటీ. అమ్మా, మీరు పాఠకులు. మార్చాలా, వద్దా?

పాఠకురాలు: అది తర్వాత చెబుతానండి. నేను రాజోలు వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ కార్యకర్తను. పిల్లలు పడుకున్నాక ఫోనులో చదువుకుంటాను. మొదట ఇది ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ అని నాకు తెలియదు. 6వ భాగంలో క్యాషియరు గొడుగు మరచిపోతాడు. సరంగు దాన్ని ఆరబెట్టి, విరిగిన పుల్లకు తీగ చుట్టి, మర్నాడు ఏమీ అనకుండా చేతికిస్తాడు. అక్కడ అర్థమైంది. మానేద్దామనుకున్నాను. కానీ అప్పటికే సరంగు నాకు తెలిసిన మనిషి అయిపోయాడు. మా అమ్మకు ఒక పెద తమ్ముడు ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఆయనకొక స్నేహితుడు. ఇద్దరూ కలిసి కొబ్బరి వ్యాపారం చేసేవారు, ఒకే ఇంట్లో ఉండేవారు. పిల్లలం ఇద్దరినీ మావయ్యా అనే పిలిచేవాళ్లం. ఆ స్నేహితుడు పోయిన రోజున వాళ్ల చుట్టాలు వచ్చి అన్నీ చూసుకున్నారు. మా మావయ్య పాడె వెనకాల, అందరికన్నా చివర నడిచాడు. ఆయన భుజం మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నాకప్పుడు పన్నెండేళ్లు. మొన్న 41వ భాగం చదువుతుంటే నాకు వచ్చిన ఏడుపు సరంగు కోసం కాదండి. పాతికేళ్ల కిందట ఏడవాల్సిన ఏడుపు అది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

న్యాయవాది: అదే! నేను చెబుతున్నది సరిగ్గా అదే! నిజ జీవితంలో ఆ మావయ్యకు దక్కనిది కథలోనైనా దక్కకపోతే ఇక కథ ఎందుకు?

పాఠకురాలు: నేను ఇంకొక మాట చెప్పాలండి. ఆ పెళ్లికూతురు...

న్యాయవాది: ఒక్క నిమిషమమ్మా. చట్టం సంగతి తెలియాలి జనానికి. స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377వ సెక్షను మనం పెట్టుకున్నది కాదు, 1860 నాటి తెల్లవాళ్ల శిక్షాస్మృతిలోది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సడలించింది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ బిగించింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది, ఇష్టపడిన ఇద్దరు వయోజనుల మధ్య ప్రేమ నేరం కాదని. కోర్టు వదిలేసిన మనుషులకు కథకుడు శిక్ష వేస్తాడా? ఎన్ని కథల్లో వీళ్లు నూతిలో దూకాలి? ఎన్ని కథల్లో తలవంచుకుని తాళి కట్టాలి?

మాస్టారు: తీర్పు కోర్టులో వచ్చింది, ఇంట్లో రాలేదు. 39వ భాగంలో క్యాషియరు తల్లి మూడు రోజులు ముద్ద ముట్టదు. ఆవిడ ముందు ఏ సెక్షను చదువుతారు? 2023 అక్టోబరు 17న అదే సుప్రీంకోర్టు, స్వలింగ వివాహాన్ని గుర్తించడం మా పని కాదు, చట్టసభల పని అంది. అది కూడా చెప్పండి మరి.

న్యాయవాది: చెబుతాను, దాచుకోను. అందుకే కథ ముందు నడవాలంటున్నాను. ఈ.ఎం. ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు రచయిత 1913, 14ల్లో ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద ‘మారిస్’ రాశాడు. వాళ్లిద్దరినీ చివరకు కలిపి తీరాలని పట్టుబట్టాడు. కలిపాడు కాబట్టే అచ్చు వేయలేకపోయాడు. ఆయన పోయాక 1971లో గాని ఆ పుస్తకం బయటికి రాలేదు. బతికున్నంత కాలం సొరుగులో పెట్టుకున్నాడు గాని వాళ్లిద్దరినీ విడదీసే ముగింపుకు మాత్రం ఒప్పుకోలేదు. మన రచయితకు సొరుగు అవసరం లేదు. అయినా భయపడ్డాడు.

మాస్టారు: మీ ఉదాహరణే మీకు ఎదురుతిరిగింది. ఫార్‌స్టర్ తను అనుకున్న ముగింపును వదులుకోలేదన్నారు కదా. మన రచయితనూ మార్చమనకండి.

వ్యాఖ్యాత: కానీ పాఠకులు అడిగితే మార్చినవాళ్లు ఉన్నారుగా మాస్టారూ! షెర్లాక్ హోమ్స్‌ను రచయిత 1893లో చంపేసి, జనం ఊరుకోకపోతే 1903లో బతికించి తీసుకొచ్చారు. కాబట్టి మార్చవచ్చు. అవునా, కాదా?

మాస్టారు: అది వేరు. మన దగ్గరే చూడండి. 1878లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు రాజశేఖర చరిత్రం నవలను తన పత్రిక వివేకవర్ధినిలో విడతలుగా వేశారు. తర్వాతి భాగం కోసం ఎదురుచూడటం గోదావరి వాళ్లకు కొత్త కాదు. మా అమ్మ వారపత్రిక వచ్చే రోజున పొయ్యి ఆలస్యంగా వెలిగించేది. పాత్రకు జబ్బు చేస్తే దేవుడికి మొక్కుకునేది.

న్యాయవాది: వీరేశలింగం గారి పేరెత్తారు, సంతోషం. 1881 డిసెంబరు 11న ఆయన అదే రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేశారు. ఊరంతా అడ్డం తిరిగింది. ఇవాళ ఆ హాలు సభను ఆపించిన పెద్దలు ఆ రోజున ఉంటే ఎటువైపు నిలబడేవారు? అడుగుతున్నాను! సమాధానం చెప్పమనండి!

వ్యాఖ్యాత: వాళ్లు ఇక్కడ లేరు. పిలిచాం, రాలేదు. సరే, ఒక ప్రేక్షకుడు రాశారు. పంటుకు సరంగు ఏమిటి, లాంచీకి కదా ఉంటాడు అని. రచయితకు గోదావరి తెలియదంటున్నారు.

మాస్టారు: పంటంటే రెండు పడవలు జతచేసి పైన బల్ల పరిచినది. దాన్ని నడిపే ఇంజను పడవకు మనిషి ఉంటాడు. సరంగు అనడంలో తప్పేమీ లేదు.

న్యాయవాది: తప్పులేదు. మా తాతల నుంచీ అంటున్నాం. అసలు అక్కడ వంతెన కావాలని జనం ఎన్నేళ్లుగా అడుగుతున్నారు! పెళ్లికారు పంటెక్కాలి, పురిటి మనిషీ పంటెక్కాలి. వరదొస్తే పంటు ఆగిపోతుంది...

పాఠకురాలు: వంతెన ఉంటే వాళ్లిద్దరూ కలిసేవారే కాదండి.

(ఇక్కడ వంతెన గురించి చాలాసేపు నడిచింది. న్యాయవాది చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావడం గురించి చెప్పారు. దాన్ని వదిలేశాను.)

వ్యాఖ్యాత: భీమవరం నుంచి ఒక యువకుడు ఫోనులో ఉన్నారు. పేరు అడగవద్దన్నారు. చెప్పండి బాబూ, మార్చాలా, వద్దా?

యువకుడు: నమస్కారమండి. రొయ్యల చెరువుల్లో నీళ్లు పరీక్షించే ఉద్యోగం నాది. అందరూ సరంగు గురించే మాట్లాడుతున్నారు. క్యాషియరు పిరికివాడు, వెన్నెముక లేనివాడు, వాణ్ణి వశిష్ఠలో తోసెయ్యండి అని రాస్తున్నారు. వారం నుంచి అవన్నీ చదువుతున్నాను. నేను క్యాషియరునండి.

వ్యాఖ్యాత: అంటే... బ్యాంకులో కూడా...

యువకుడు: కాదండి. మా ఇంట్లో సంబంధం చూస్తున్నారు. మా అమ్మ కూడా అన్నం మానేసింది. సరంగును ప్రేమించడం తేలికండి. ఆయన ఎవరికీ అబద్ధం చెప్పనక్కరలేదు, ఇంజను విషయంలో తప్ప. క్యాషియరు పొద్దున్న లేచిన దగ్గరనుంచి చెప్పాలి. తల్లికి, మేనేజరుకు, అద్దంలో తనకు. వాణ్ణి తిట్టిన ప్రతి తిట్టూ నాకు తగిలింది. నన్ను ఇష్టపడేవాళ్లే, నేనెవరో తెలియక, నన్ను తిడుతున్నట్టుంది.

పాఠకురాలు: బాబూ, నేనూ తిట్టాను. నాకు తోచలేదు నాయనా.

యువకుడు: పరవాలేదండి అక్కా.

న్యాయవాది: చూడు బాబూ, నువ్వు పిరికివాడివి కాదు. నేనూ తిట్టాను, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నీ కోసమే అడుగుతున్నాను, మార్చాలని! 42వ భాగంలో ఆ క్యాషియరు పంటు దిగకుండా నిలబడితే, నువ్వు అది చదివితే, నీకు బలం రాదా? 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆర్మిస్టెడ్ మోపిన్ దినపత్రికలో ఇలాంటి సీరియల్ రాశాడు. ఒక కుర్రాడు తను గే అని తల్లికి ఉత్తరం రాస్తాడు అందులో. ఆ ఉత్తరాన్ని పత్రికలోంచి కత్తిరించి, కింద తమ పేరు పెట్టి ఇంటికి పంపినవాళ్లు ఉన్నారు! కథ చేసే పని అది! అందుకే...

యువకుడు: నేను కూడా 17వ భాగాన్ని మా చెల్లికి పంపానండి. ఇద్దరూ రేవులో అరటిపండ్లు తినే భాగం. ఏమీ రాయలేదు, ఊరికే పంపాను. తను చదివి, అన్నయ్యా, ఆ క్యాషియరు నవ్వితే నువ్వు నవ్వినట్టుంది అని పెట్టింది. ఇంతవరకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వ్యాఖ్యాత: చాలా బాగా చెప్పారు. ఇంతకీ మీ ఓటు? మార్చాలా?

యువకుడు: నాకు తెలియదండి. ఆదివారం 42వ భాగం తెరవాలంటే భయంగా ఉంది. వాళ్లిద్దర్నీ కలిపేస్తే, నేను చేయలేనిది వాడు చేశాడనిపిస్తుంది. కలపకపోతే... మా అమ్మ...

(లైను తెగింది. మళ్లీ కలిపే ప్రయత్నం చేశారు, కుదరలేదు.)

వ్యాఖ్యాత: లైను పోయింది. మాస్టారూ, ఆ అబ్బాయి మాట విన్నాక కూడా మార్చవద్దంటారా?

మాస్టారు: విన్నాక ఇంకా గట్టిగా అంటాను. ఆ పిల్లవాడు తన ముఖం చూసుకున్నది క్యాషియరులో. రచయిత ఇన్ని వారాలు ఆ పిరికితనాన్ని అసహ్యించుకోకుండా రాశాడు కాబట్టి చూసుకోగలిగాడు. మనం మార్చమని పట్టుబడితే క్యాషియరు వీరుడైపోతాడు. అప్పుడు ఈ అబ్బాయి మళ్లీ ఒంటరివాడే.

న్యాయవాది: ఒంటరితనానికి అద్దం చూపించి చేతులు దులుపుకోవడమా! మాస్టారూ, మీకు వాక్యం ముఖ్యం, నాకు మనిషి ముఖ్యం!

మాస్టారు: ఆ మాట అనకండి. నాకు మనిషి...

న్యాయవాది: అంటాను! నలభై వారాలు మా చేత ప్రేమింపజేశారు. ఆ రెండు నిమిషాలకు ఎదురుచూసేలా చేశారు. మేము రచయితకు డబ్బివ్వలేదు, నిజమే. రాత్రులిచ్చాం! మా ఆవిడ కూడా ఇప్పుడు చదువుతోంది. మొదటి నుంచి మొదలుపెట్టింది, 12వ భాగంలో ఉంది. ఆమెకు ఏం చెప్పను, ముందుకు వెళ్లకు అని చెప్పనా?

(ఇక్కడ దాదాపు అర నిమిషం ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. పాఠకురాలి గొంతు రికార్డింగులో ఉంది గాని మాటలు తేలలేదు. పదిసార్లు విన్నా పట్టుకోలేకపోయాను. అది నాకు బాధగానే ఉంది.)

వ్యాఖ్యాత: ఒక్కొక్కరూ, దయచేసి. సమయం దగ్గర పడింది. ఫోన్లు చేసినవాళ్లలో ఎక్కువమంది లాయరు గారితోనే ఉన్నారు. మార్చాలనే అంటున్నారు. లాయరు గారూ, చివరిగా ఒక్క మాట.

మాస్టారు: నాకు చివరి మాట లేదా?

వ్యాఖ్యాత: మీకు విరామం తర్వాత... క్షమించండి, ఇంక విరామం లేదట. లాయరు గారూ.

న్యాయవాది: ఒక్కటే మాట. ఆ హాలు ఇవ్వకపోతే మా ఇంటి అరుగు ఉంది. ఆదివారం సాయంత్రం 42వ భాగం అక్కడ పైకే చదువుతాం. ఆ పెద్దలూ రావచ్చు. భీమవరం అబ్బాయి వింటుంటే, నువ్వూ రా బాబూ. ఎవరివని ఎవరూ అడగరు. క్యాషియరును ఎవరైనా తిడితే నేను ఊరుకోను. కానీ రచయిత మాత్రం మార్చాలి!

వ్యాఖ్యాత: అమ్మా, మీరు ఇంతవరకు ఓటు చెప్పలేదు. పది సెకన్లు. మార్చాలా, వద్దా?

పాఠకురాలు: నేను మొదటి నుంచీ అడగాలనుకుంటున్నది వేరండి. ఆ పెళ్లికూతురు. 41వ భాగంలో కారు అద్దంలోంచి సరంగును చూస్తుంది. ఎందుకు అలా చూస్తున్నాడు ఈయన అనుకుంటుంది. ఒక్క వాక్యమే ఉంది ఆమెకు. మనం ఇంతమందిమి సరంగు కోసం ఏడ్చాం, ఇప్పుడు క్యాషియరు కోసం ఏడ్చాం. ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. ఆమె కూడా అదే పంటు మీద...

న్యాయవాది: ఉంది, నిజమే, కానీ అసలు విషయం సరంగు...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. వచ్చే వారం ఇదే వేళకు మళ్లీ కలుద్దాం. నమస్కారం.