గుల్లగా మోగే టైలు

శ్రోతలకు నమస్కారం. టైల్స్ కింద కరెంటు కేబుల్ పరిచి నేలను వెచ్చబరిచే పద్ధతి ఉంది కదా, అలాంటి నేలలో పనితనం బాగా లేకపోతే ఏం చేయాలో ఈవేళ చెప్పుకుందాం.

పని అయిపోయింది, మేస్త్రీ సామాను సర్దుకుని వెళ్లాడు. మర్నాడు చూస్తే ఒక టైలు అంచు లేచి బొటనవేలికి తగులుతోంది. ఇంకోదాన్ని నాణెంతో తడితే గుల్లగా మోగుతోంది. గోడవారన, సందుల్లో నింపే గ్రౌట్ సన్నగా పగిలింది. ఎవరికైనా ఒళ్లు మండుతుంది. "వెంటనే వచ్చి పగలగొట్టి మళ్లీ వేయండి" అని ఫోన్ చేయాలనిపిస్తుంది.

కాస్త ఆగండి. ముందు మీటరు, తర్వాతే సుత్తి.

కేబుల్ మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది, అదీ టైలుకు సరిగ్గా అడుగున. ఉలి ఒక్కసారి జారితే తెగుతుంది. ఆ తర్వాత, మొదట్లోనే తెగిందా ఇప్పుడు తెగిందా అన్న తగువు ఎవరూ తీర్చలేరు.

అందుకని బ్రేకర్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత థర్మోస్టాట్ నుంచి, అంటే వేడిని అదుపు చేసే పెట్టె నుంచి, కేబుల్ తీగలు విప్పించి, మల్టీమీటరుతో ఓమ్‌లు, అంటే తీగ నిరోధం, కొలిపించండి. చదరపు మీటరుకు 150 వాట్ల మ్యాట్, అంటే కేబుల్ బిగించిన వల, 3 చదరపు మీటర్లు పరిచారనుకుందాం. మొత్తం 450 వాట్లు. 230 వోల్టుల దగ్గర దాని నిరోధం దాదాపు 118 ఓమ్‌లు ఉండాలి. మ్యాట్ లేబుల్ మీద ఈ అంకె ఉంటుంది. 5 శాతం తక్కువ, 10 శాతం ఎక్కువ వరకు మామూలుగా ఫరవాలేదంటారు, అంటే 112 నుంచి 129 వరకు. మీటరు అసలు అంకే చూపకపోతే తీగ తెగినట్టు. 60 చూపిస్తే లోపల తీగలు ఎక్కడో కలిసిపోయినట్టు. ఓమ్‌లు సరిపోయినా మెగ్గర్ పరీక్ష, అంటే తీగ పైతొడుగు గట్టిగా ఉందో లేదో ఎక్కువ వోల్టేజితో చూసే పరీక్ష, మానొద్దు. తీగ పైతొడుగుకు గాటు పడితే మామూలు మీటరుకు అందదు. కరెంటు లీకైతే పడిపోయే బ్రేకర్ మాటిమాటికీ పడిపోవడానికి తరచు ఆ గాటే కారణం. ఈ అంకెలన్నీ తేదీతో రాసి, మేస్త్రీ చేత కూడా సంతకం పెట్టించండి.

ఇక తప్పుల సంగతి. సన్నని సందులున్న నేలలో ఒక మిల్లీమీటరు ఎత్తుపల్లం ఉంటే వదిలేయడమే మంచిది. టైలుకే కాస్త వంపు ఉంటుంది. గోడవారన పగుళ్లకు కారణం వేరు. వేడికి నేల సాగుతుంది, అక్కడ ఉండాల్సింది గ్రౌట్ కాదు, సిలికాన్. ఆ గ్రౌట్‌ను చేత్తో గీకి తీయించండి. మిషన్ పెట్టనివ్వకండి. థర్మోస్టాట్ వైపు గోడ దగ్గర కేబుల్ దిగేది అక్కడే.

గుల్ల టైలును మాత్రం వదలకూడదు. గమ్ము నేలంతా పళ్ల తాపీతో లాగకుండా నాలుగైదు ముద్దలు పెట్టి టైలు అతికిస్తే మధ్యలో గాలి మిగిలిపోతుంది. మామూలు నేలలో మూలన చిన్న గుల్ల ఉంటే సర్దుకుపోవచ్చు. ఇక్కడ ఆ గాలి వేడిని పైకి రానివ్వదు, కేబుల్ అక్కడ మాడే ప్రమాదం ఉంది.

గుల్ల ఒకటి రెండు టైల్స్‌కే ఉంటే ఇలా తీయించండి. గమ్ము ఆరే గడువు పూర్తయ్యాక, నేలను కాసేపు వెచ్చబెట్టి థర్మల్ కెమెరాతో చూడండి. కేబుల్ వెళ్లిన దారి చారలుగా కనిపిస్తుంది. ఆ చారల మీద మార్కర్‌తో గీతలు గీయించి, కరెంటు ఆపించండి. టైలు చుట్టూ గ్రౌట్ చేత్తో తీసేయాలి, లేదంటే దెబ్బకు పక్క టైల్స్ కూడా కదులుతాయి. డ్రిల్ వద్దే వద్దు. రెండు గీతల మధ్య చిన్న సుత్తితో మెల్లగా కొట్టి పగలగొట్టాలి, ఉలిని పడుకోబెట్టి ముక్కలు లేపాలి. పాత గమ్ములో ఎత్తుగా ఉన్నచోట మాత్రమే గీకాలి, గీతల మీద అది కూడా వద్దు.

టైలు లేచాక మళ్లీ మీటరు. అంకె మారకపోతే సాగే రకం గమ్ము కింద పూర్తిగా పరిచి, టైలు వీపుకు కూడా పల్చగా రాసి, నొక్కి కూర్చోబెట్టాలి. పెట్టాక మూడోసారి మీటరు. గమ్ము బిగిశాకే గ్రౌట్.

గుల్ల టైల్స్ నేలంతా ఉంటే అతుకుల పని పెట్టుకోకండి. కేబుల్‌తో సహా తీయించి, కొత్త మ్యాట్‌తో వేయించడమే నయం.

కొత్త టైలు పెట్టిన వెంటనే హీటింగ్ వేయకండి. గమ్ము సంచి మీదా గ్రౌట్ పొట్లం మీదా ఎన్ని రోజులు ఆగమని రాసి ఉందో చూసి, ఏది ఎక్కువైతే అది పాటించండి. కొన్నిటికి వారం, కొన్నిటికి 28 రోజులు. అప్పుడు కూడా ఒకేసారి పెంచకుండా, రోజుకు రెండు మూడు డిగ్రీల చొప్పున పెంచుతూ పోండి.