ఇంటికి గది కలిపేటప్పుడు పని ఎవరికి అప్పగించాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

ఉన్న ఇల్లు చాలడం లేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, లేదా అమ్మానాన్నలు వచ్చి మనతో ఉండబోతున్నారు, లేదా ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకోవడానికి తలుపు వేసుకోగల గది ఒకటి కావాలి. ఇల్లు మారే ఉద్దేశం లేదు. వెనకాల కాస్త ఖాళీ ఉంది, లేదా పైన ఒక అంతస్తు వేసుకోవచ్చని ఎవరో అన్నారు. ఇక్కడిదాకా అందరి కథా ఒకటే. ఆ తర్వాత వచ్చే ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ప్లాన్ గీసే ఆర్కిటెక్ట్ దగ్గరికా, లేక ప్లాన్ మొదలుకొని రంగులు వేయడం దాకా అంతా మేమే చూసుకుంటామనే డిజైన్ అండ్ బిల్డ్ సంస్థ దగ్గరికా?

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఈ ఇద్దరితోనూ పనిచేస్తాను. రెండు పద్ధతుల్లోనూ ముచ్చటగా పూర్తయిన ఇళ్లు చూశాను, రెండింట్లోనూ తల పట్టుకున్న యజమానుల్ని చూశాను. అందుకే ఫలానాది మంచిదని ఒక్క ముక్కలో తేల్చలేను. కానీ ఒక విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. ధర ఖాయం చేసుకునే ముందే, ఏం కట్టబోతున్నారో వివరంగా చూపే డ్రాయింగులు, ఏ సామాను వాడతారో రాసిన పట్టిక మీ చేతిలో ఉండాలి. అవి ఎవరు తయారుచేశారన్నది ఆ తర్వాతి మాట.

నిజానికి ఈ రెండింట్లో పాతది, గీసేదీ కట్టేదీ ఒకరే అయిన పద్ధతి. సుమారు 3,750 ఏళ్ల కిందటి బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనంలో ఇళ్లు కట్టేవాడికి ప్రత్యేకంగా నియమాలున్నాయి. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే, కట్టినవాడికి మరణశిక్ష. పని పూర్తికాకముందే గోడ ఒరిగిపోతే, వాడు తన సొంత ఖర్చుతో దాన్ని గట్టిగా కట్టివ్వాలి. ప్లాన్ వేసినవాడు వేరు, కట్టినవాడు వేరు అనే ఊసే అందులో లేదు. డిజైన్ విడి వృత్తిగా నిలదొక్కుకున్నది చాలా తర్వాత. 1857లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్, తన సభ్యులు నిర్మాణ కాంట్రాక్టులు చేయకూడదని చాలాకాలం కట్టడి పెట్టింది. 1970ల చివర్లో గానీ ఆ నియమం సడలలేదు. కట్టడంలో లాభం తీసుకునే మనిషి, ఆ పని సరిగ్గా జరిగిందో లేదో యజమాని తరఫున ఎలా తనిఖీ చేస్తాడన్నది అప్పటి సందేహం. నాకైతే అది ఇప్పటికీ చెల్లే సందేహమే.

ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుంటే పని ఇలా నడుస్తుంది. మొదట మీ ఇంటికి వస్తారు, కొలతలు తీసుకుంటారు, మీరు రోజంతా ఆ ఇంట్లో ఎలా తిరుగుతారో అడుగుతారు. రెండు మూడు రకాల ప్లాన్లు చూపిస్తారు. మీకు నచ్చినదానికి స్థానిక సంస్థ నుంచి అనుమతి తీసుకుంటారు. ఆ తర్వాత కట్టడానికి పనికొచ్చే డ్రాయింగులు తయారవుతాయి. వాటిని ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లకి ఇచ్చి కొటేషన్లు అడుగుతారు. అందరూ ఒకే డ్రాయింగ్ చూసి ధర చెబుతారు కాబట్టి పోల్చి చూడటం సాధ్యమవుతుంది. కాంట్రాక్టరుతో అగ్రిమెంటు మీకూ ఆయనకూ మధ్య ఉంటుంది. ఆర్కిటెక్ట్ మీ మనిషిగా మధ్యమధ్యలో వచ్చి చూసి వెళ్తారు.

ఇందులో అన్నిటికన్నా విలువైనది మొదటి దశ, అంటే ఆలోచించే దశ. ఇంటి వెనక గోడకి ఆనించి ఒక పెద్ద గది కలపాలనుకున్నారనుకోండి. అదివరకు ఆ గోడకి ఉన్న కిటికీల్లోంచే మధ్య గదికి వెలుతురూ గాలీ వచ్చేవి. కొత్త గది వచ్చాక ఆ కిటికీలు లోపలి గోడలో పడిపోతాయి. కొత్త గది ధగధగలాడుతుంది, మధ్య గదిలో మాత్రం పట్టపగలు లైటు వేసుకోవాలి. కొన్నాళ్లకి ఆ గది దారిగా మారి, ఆ తర్వాత సామాన్లు పడేసే చోటైపోతుంది. ఒక గది కలుపుకుని ఒక గది పోగొట్టుకున్నట్టే కదా! మంచి ఆర్కిటెక్ట్ దీన్ని కాగితం మీదే పట్టుకుంటారు. పాత గోడకీ కొత్త గదికీ మధ్య చిన్న ఖాళీ వదులుతారు, లేదా వెలుతురు దిగేలా కప్పులో గాజు పలక పెడతారు, లేదా ఉన్న గదుల్నే అటూ ఇటూ మార్చి, మీరనుకున్న దాంట్లో సగం కడితే సరిపోతుందని చూపిస్తారు. తక్కువ కట్టమని చెప్పేవాళ్లు దొరకడం చిన్న విషయం కాదు. చదరపు అడుగుకి ఇంత అని లెక్క కట్టే సంస్థకి ఆ మాట చెప్పాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

అలాగని ఆర్కిటెక్టులకి ఈ చిక్కు లేదనుకోకండి. ఫీజు మొత్తం ఖర్చులో ఇంత శాతమని మాట్లాడుకుంటే, ఖర్చు పెరిగేకొద్దీ ఆయన ఫీజూ పెరుగుతుంది. గది కలపడం లాంటి పనికి ఒక్కో దశకి ఇంత అని ముందే మొత్తం ఖాయం చేసుకోవడం మేలని నా సలహా. నచ్చకపోతే ఒక దశ పూర్తయ్యాక ఆగిపోవడానికీ వీలుంటుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొటేషన్లు వచ్చేదాకా అసలు ధర ఎవరికీ తెలియదు. మీ దగ్గరున్న డబ్బు ఎంతో మొదటి రోజే చెప్పకపోతే, అందమైన ప్లాన్, అందని ఎస్టిమేట్ చేతికొస్తాయి. దీనికి ఆర్కిటెక్ట్‌నే తప్పు పట్టలేం. బడ్జెట్ దాచిపెట్టే యజమానులు చాలామందే ఉన్నారు.

చాలామంది పొరబడే సంగతి ఒకటి ఇక్కడే చెబుతాను. ఆర్కిటెక్ట్ వచ్చి చూడటం అంటే రోజూ దగ్గరుండి పని చేయించడం కాదు. ఆయన వచ్చేది అప్పుడప్పుడు. పని నాణ్యతకి పూచీ కాంట్రాక్టరుది. రేపు కప్పు కారిందనుకోండి, డ్రాయింగే తప్పని కాంట్రాక్టర్ అంటాడు, డ్రాయింగ్ ప్రకారం చేయలేదని ఆర్కిటెక్ట్ అంటారు. ఇద్దరి మధ్యా నలిగిపోయేది మీరు.

డిజైన్ అండ్ బిల్డ్ సంస్థల బలం సరిగ్గా ఇక్కడే ఉంది. కప్పు కారితే ఫోన్ చేయాల్సిన నంబరు ఒకటే. గీసింది వాళ్లే, కట్టింది వాళ్లే, నెపం నెట్టడానికి ఇంకొకరు లేరు. డిజైన్ చేసే బల్ల దగ్గరే కట్టే మనిషి కూడా కూర్చుంటాడు కాబట్టి, ఈ కిటికీ పెడితే ఖర్చెంత, ఈ బీమ్ తీసేస్తే ఎంత మిగులుతుంది అనేది అప్పటికప్పుడు తేలిపోతుంది. సమయం కూడా కలిసొస్తుంది. టెండర్ పిలిచి, కాంట్రాక్టర్ల కోసం ఎదురుచూసే వారాలు ఉండవు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో, ముగ్గురు నలుగురితో మాట్లాడుతూ పని నడిపించే తీరిక లేనివాళ్లకి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు.

మరి చిక్కు ఎక్కడ? వాళ్లిచ్చే ధరలో. కంప్యూటర్‌లో చేసిన త్రీడీ బొమ్మలు చూపించి అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. కింద ఒక మొత్తం రాసి ఉంటుంది, పక్కన ‘ఫిక్స్‌డ్ ప్రైస్’ అని ఉంటుంది. ఆ కొటేషన్ ఒక్కసారి నెమ్మదిగా చదవండి. ‘కిటికీలు, మంచి నాణ్యతవి.’ మంచి అంటే ఏది? ఫ్రేమ్ అల్యూమినియమా, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్కా, చెక్కా? అద్దం ఒక పొరా, రెండు పొరలా? ‘ఎలక్ట్రికల్ పనులు, అవసరం మేరకు.’ ఎన్ని పాయింట్లు? ‘నేల, టైల్స్‌తో.’ టైల్ ధర చదరపు అడుగుకి ఎంత దాకా? బొమ్మలో కనిపించే అలమరాలు ధరలో ఉన్నాయా, బొమ్మ కోసం పెట్టారా? ఇక కొన్నిటి ఎదురుగా ‘తాత్కాలిక అంచనా’ అని ఉంటుంది. అంటే ఆ అంకె ఖాయం కాదు, అసలు ఖర్చు తేలాక మారుతుంది. ఇలాంటివి ఎక్కువున్న కొటేషన్‌కి ఫిక్స్‌డ్ ప్రైస్ అని పేరు పెట్టినా, చివరికి ఎక్స్‌ట్రాల పేరుతో తడిసి మోపెడవుతుంది. పైగా రెండు సంస్థలు రెండు వేర్వేరు డిజైన్లకి చెప్పిన ధరల్ని ఎలా పోలుస్తారు? తక్కువ చెప్పినవాళ్లు తక్కువకి కడుతున్నారా, తక్కువ కడుతున్నారా అనేది ఆ కాగితం చెప్పదు.

కొత్త ఇల్లు కట్టడం కన్నా పాత ఇంటికి గది కలపడం ఒక రకంగా కష్టం. పాత ఇంటి కడుపులో ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు. పునాది ఎంత లోతుందో, డ్రైనేజీ గొట్టం ఏ దారిన పోతుందో, తీసేద్దామనుకుంటున్న గోడ మీద ఏమేం ఆధారపడి ఉన్నాయో తవ్వితేగానీ బయటపడవు. అందుకే, డిజైన్ ఖాయం కాకముందే పాత గోడ పక్కన ఒక చిన్న గుంత తవ్వించి పునాది చూడమంటాను. ఒక పూట పని. దానికి బద్ధకించి, పని మొదలయ్యాక పునాది బలం చాలదని తెలిస్తే, అక్కడి నుంచి బేరం అంతా కాంట్రాక్టర్ చేతిలోకి వెళ్లిపోతుంది. సగం కూల్చిన ఇంట్లో నిలబడి ఎవరు బేరమాడగలరు?

పాత గోడా కొత్త గోడా కలిసే చోటు చూద్దాం. పాత ఇల్లు ఎన్నో ఏళ్లుగా నేలలోకి దిగాల్సినంత దిగి నిలదొక్కుకుంది. కొత్త పునాది మీద బరువు ఇప్పుడే పడుతోంది, అదింకా కొన్ని మిల్లీమీటర్లయినా దిగుతుంది. రెండింటినీ గట్టిగా కట్టేసి పైన ప్లాస్టరింగ్ చేసేస్తే, కొన్ని నెలల్లో సరిగ్గా ఆ అతుకు వెంబడే నిలువుగా బీట పడుతుంది. వానాకాలం రాగానే దాంట్లోంచి తేమ దిగుతుంది. అందుకే అక్కడ కావాలనే సన్నని సందు వదిలి, కదలికకి సాగే సీలెంట్‌తో నింపుతాం. పైన కప్పు పాత గోడకి తగిలే దగ్గర నీళ్లు లోపలికి జారకుండా రేకు లేదా వాటర్‌ప్రూఫింగ్ పొరను గోడలోకి పైకి తిప్పి పెడతాం. ఈ అతుకుని కోసి చూపించినట్టు పెద్ద స్కేలులో గీసిన సెక్షన్ డ్రాయింగ్ ఒకటి ఉండాలి. ఆర్కిటెక్ట్ అయినా, సంస్థ అయినా, ‘ఈ అతుకు డ్రాయింగ్ చూపించండి’ అని అడగండి. వెంటనే తీసి చూపించారా, నమ్మొచ్చు. అవన్నీ సైటులో చూసుకుంటాంలెండి అన్నారంటే, మీ ఇంటి మీద ప్రయోగం చేస్తారని అర్థం.

డిజైన్ అండ్ బిల్డ్‌కే మొగ్గినవాళ్లు, ఆ సంస్థతో సంబంధం లేని ఇంజనీరు ఒకరిని విడిగా మాట్లాడుకోండి. ఆయన రోజూ రానక్కర్లేదు. పునాది గుంతలో కాంక్రీటు పోయకముందు, స్లాబ్ ఇనుము కట్టాక కాంక్రీటు పడకముందు, వాటర్‌ప్రూఫింగ్ పైన టైల్స్ పరవకముందు వస్తే చాలు. ఇవన్నీ ఒకసారి కప్పేస్తే మళ్లీ కంటికి కనపడనివి. ఇలా బయటి మనిషి వచ్చి చూస్తాడని అగ్రిమెంటులో ముందే రాయించండి. మంచి సంస్థలు దీనికి అభ్యంతరం చెప్పవు, నా అనుభవంలో సంతోషిస్తాయి కూడా.

ఎవరికి ఏది నప్పుతుందంటే, ఏం కావాలో మీకు స్పష్టంగా తెలిసి, పని సూటిగా ఉంటే, అంటే ఒక గది, ఒక బాత్‌రూమ్, మామూలు కప్పు అయితే, పేరున్న డిజైన్ అండ్ బిల్డ్ సంస్థ చక్కగా సరిపోతుంది. స్థలం ఇరుకైనా, వెలుతురు సమస్య ఉన్నా, పాత ఇంటిని లోపల కూడా మార్చాల్సి వచ్చినా, ఏం కావాలో ఇంట్లో వాళ్లకే ఇంకా ఏకాభిప్రాయం లేకపోయినా, ముందు ఆర్కిటెక్ట్‌కి డబ్బిచ్చి ఆలోచన కొనుక్కోండి. మధ్యదారి కూడా ఉంది. డిజైన్, అనుమతి, ముఖ్యమైన డ్రాయింగుల దాకా ఆర్కిటెక్ట్‌తో చేయించుకుని, అవి పట్టుకుని కట్టే సంస్థల దగ్గరికి వెళ్లొచ్చు. ఇలా చేసేటప్పుడు ఆ డ్రాయింగులు ఇంకొకరితో కట్టించుకునే హక్కు మీకుందని ఆర్కిటెక్ట్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి. డ్రాయింగ్ మీద హక్కు సాధారణంగా గీసినవాళ్లదే. డిజైన్ అండ్ బిల్డ్ సంస్థ ‘ఉచితంగా’ గీసిచ్చిన ప్లాన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ ప్లాన్ తీసుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్లలేకపోతే, అక్కడే కట్టుబడిపోయినట్టే.

ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ ఆర్కిటెక్టులు కారు. చాలా దేశాల్లో ఆ పేరు వాడాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, మొహమాటపడకండి. సంస్థ విషయంలో, డ్రాయింగుల మీద సంతకం చేసే ఇంజనీరు ఎవరు, డిజైన్‌లో తప్పు దొర్లితే ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి. పదేళ్ల గ్యారంటీ అని ఘనంగా రాసిస్తారు గానీ, సంస్థే మూతపడితే ఆ కాగితం చెల్లదు. దాని వెనక బీమా ఉంటేనే దానికి విలువ.

డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి. పునాది పూర్తయితే ఇంత, స్లాబ్ పడితే ఇంత అని మెట్లు మెట్లుగా ఇవ్వండి. చివరి బిల్లులో 5 నుంచి 10 శాతం దాకా అట్టిపెట్టుకుని, ఒక వానాకాలం గడిచి లీకేజీ లేదని తేలాక ఇచ్చేలా అగ్రిమెంటులో ముందే రాసుకోండి. మధ్యలో మీరు ఏ మార్పు అడిగినా, దాని ధరా, దానివల్ల పట్టే అదనపు రోజులూ కాగితం మీద పడ్డాకే పని జరగాలి. నోటిమాట మీద జరిగిన మార్పులే చివర్లో గొడవలకి మూలం.

వాళ్లు కట్టిన ఇళ్లు చూడటానికి వెళ్లినప్పుడు, నిన్నగాక మొన్న పూర్తయినది వద్దు, రెండు మూడేళ్లు నిండినది చూపించమనండి. ఆ ఇంటివాళ్లతో కాసేపు ఒంటరిగా మాట్లాడండి. మొదట చెప్పిన ధరకీ చివరికి కట్టిన డబ్బుకీ తేడా ఎంత, పని అయిపోయాక ఫోన్ చేస్తే ఎత్తారా, ఎన్నాళ్లకి వచ్చారు అని అడగండి. పాత గోడా కొత్త గోడా కలిసే చోటు ఎలాగూ మీ కళ్ల ముందే ఉంటుంది, దాన్నీ ఒకసారి పరీక్షగా చూసి రండి.

సెలవు. నమస్కారం.